మూడు తాళాల పెట్టె

సిరొంచాల, ప్రాణహిత ఒడ్డుకు
మా పొదుపు సంఘం పెట్టెకు మూడు తాళాలు.
ఒక చెవి బానక్క నడుముకు,
ఒకటి రైనీ మెడల పూసల నడుమ,
ఒకటి వందనాబాయి ఇంట్ల ఉప్పుడబ్బల.
మూడు కలిస్తే గాని మూత లేవదు.

ముందటేడు కారం గిర్ని మోటరు కాలిపోయింది.
రాత్రిపూట ఎవలో నడిపిండ్రు.
ఎవలో.
ఆ మాట రెండేండ్లు మా నడుమ
చాపేసుకొని కూసున్నది.
మావోళ్లు రైనీని అనుకున్నరు,
అడివి నుంచి వచ్చినామెకు మిషన్ ఏమెరుక అని.
రైనీ వందనాబాయిని అనుకున్నది.
వందనాబాయి ఎవల్ని అనుకున్నదో
మరాఠీల తన బిడ్డకే చెప్పుకున్నది.
నేను ఎవల్నీ అనుకోలె.
నాకు తెలుసు గనుక.
అవతలి ఒడ్డు సేటుకు రెండు బస్తాల మిరపకాయ
రాత్రికి రాత్రి పట్టిచ్చిన.
ఎందుకో అడగకుండ్రి.

నాగపూర్ కాలేజీ నుంచి ప్రణోతి అనే పోరి
అట్టపెట్టెల ఒక మరబొమ్మను తెచ్చింది.
రెండేండ్ల పిల్లంత పొడుగు, పాలగిన్నె తెలుపు,
మెడ తిప్పితే సన్నగ కీచుమంటది.
తెలుగు రేడియోల వార్తల లెక్క,
మరాఠీ బడిపంతులు లెక్క,
మాడియా నాలుగే మాటలు, అందుల ఒకటి తప్పు.
ఆ తప్పుకే రైనీ నవ్వింది,
మా ముంగట నవ్వక ఎన్నాళ్లయిందో.
లెక్కల పోరడు అని పేరు పెట్టినం.

మూడో శుక్రారం
వాయిదాలు చదువుతూ చదువుతూ ఆగింది.
కండ్లల నీలి దీపం జర దించుకొని,
'పోయిన వారం బానక్క బాకీల
నూట పది రూపాయలు నేనే ఎక్కువ రాసిన.
మీరు ఆమెను తిట్టిండ్రు. తప్పు నాది.
వెంటనే చెప్పలేకపోయిన' అన్నది.

రేకుల మీద ఉడత ఉరికిన చప్పుడు.
బానక్క దాని నెత్తి మీద చెయ్యి పెట్టింది,
జొరం చూసినట్టు.
'పోనియ్ బిడ్డా.'

వందనాబాయి కిటికీ దిక్కు చూస్తూ,
'నా చెవి పోయి ఏడాదైంది.
ఉప్పుడబ్బల ఉన్నది గొడ్లకొట్టం చెవి.
కొంగు అడ్డం పెట్టుకొని
తాళం మేకుతోటి తీస్తున్న.'

నవ్వాల్నో వద్దో తెల్వకముందే రైనీ:
'మీరు మోసం చేస్తున్నరని
ప్రతిసారి ఇంటికి పోయి గులకరాళ్లు పెట్టి ఎంచుకున్న.
సరిగ్గనే ఉండె.
సరిగ్గ ఉన్నందుకు ఇంకా కోపమొచ్చె.'

నా నోట్లె నాలుక తునికాకు లెక్క ఎండింది.
'మోటరు' అన్న.
ఒక్క మాటనే వచ్చింది.
మిగిలింది వాళ్లే పూర్తి చేసిండ్రు, మూడు భాషలల్ల.
తిట్లు కూడా మూడు భాషలల్లనే.
చీకటి పడ్డంక బానక్క చాయ్ పెట్టింది,
నాకు చక్కెర లేకుండ.
ఎనిమిది నెలలు కట్టిన ఆ మోటరు పైసలు.

మరబొమ్మను తీస్కపోయినంక ప్రణోతి చెప్పింది:
అది తప్పు చెయ్యనే లేదట.
తప్పు రాసి, ఒప్పుకొమ్మని
వాళ్లే పెట్టిండ్రట.
ఇంకో ఊర్ల గసొంటి పోరడే
అంకెలు చదివి ఊకున్నదట,
ఆడ ఎవలూ ఎవలకూ ఏం చెప్పుకోలేదట.

బానక్క రెండు దినాలు అన్నం ముట్టలె.
'నా మీద పడ్డ తిట్లన్న నిజమేనా?'
రైనీ బీడీ ఆర్పి అన్నది:
'తాడును పామనుకొని ఉరికినా
దాటిన వాగు దాటినట్టే.'
సామెతనో, అప్పుడే కట్టిందో తెల్వదు.
నాకైతే ఇప్పటికీ ఒకటి గుచ్చుతది.
అది ఒప్పుకోకుంటే
నేను ఇంకా ఎన్నేండ్లు ఊకుందునో.

పెట్టెకు ఇప్పటికీ మూడు తాళాలే,
బ్యాంకోళ్లు తీయనియ్యరు.
మేకు మాత్రం
మూత మీదనే ఉంటది,
అందరికి కనపడేటట్టు.